ఆపరేషన్ గదిలో నిమిషాలు, కోర్టులో ఏళ్లు: మత్తు రికార్డు ఎలా ఉండాలి

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ రోగికి స్పృహ ఉండదు. నడుముకు సూది వేసిన కేసుల్లో స్పృహ ఉన్నా, తెర అవతల ఏం జరుగుతోందో తెలియదు. బంధువులు తలుపు బయట కూర్చుంటారు. సర్జన్ చూపంతా కోత మీదే ఉంటుంది. బీపీ ఎప్పుడు పడిపోయింది, ఆక్సిజన్ ఎంతకు దిగింది, దాన్ని ఎన్ని నిమిషాల్లో సరిచేశారు అన్నది పూర్తిగా తెలిసిన మనిషి ఆ గదిలో సాధారణంగా ఒక్కరే: మత్తు డాక్టర్. తేడా జరిగి కేసు పడితే ఆ నిమిషాల గురించి ప్రశ్నలు రెండేళ్లకో, ఐదేళ్లకో, ఒక్కోసారి పదిహేనేళ్లకో వస్తాయి. ఈలోపు ఆ డాక్టర్ మరికొన్ని వేల మందికి మత్తు ఇచ్చి ఉంటారు. నాకు ఇలా గుర్తుంది అంటే కోర్టు వింటుంది గానీ, నమ్మడానికి మాత్రం కాగితం అడుగుతుంది.

మన దగ్గర చాలా నర్సింగ్ హోముల్లో ఆ కాగితం కేస్ షీట్ మధ్యలో ఒక పేజీ. పైన పేరు, వయసు, ఆపరేషన్ పేరు ఉంటాయి. కింద మూడు నాలుగు మందుల పేర్లు, బీపీ గీతలు, చివర్లో ‘రోగి బాగున్నారు, వార్డుకు పంపాం’ అన్న ఒక వాక్యం. కేసు సాఫీగా జరిగితే ఆ పేజీని మళ్లీ ఎవరూ చూడరు. అందుకే అది అలా నడిచిపోతోంది. అసలు చిక్కు ఏమిటంటే, రికార్డు రాయడమంటే గడుల్లో అంకెలు నింపడమే అన్న అలవాటు స్థిరపడిపోయింది. అంకెలు తప్పకుండా కావాలి. కానీ డాక్టర్‌ను నిలబెట్టేవి వాటి పక్కన ఉండాల్సిన మాటలు: మార్పును ఎప్పుడు గమనించారు, దానికి కారణం ఏమనుకున్నారు, ఏం చేశారు, చేశాక ఏమైంది.

ఈ చార్టు పుట్టుక వెనుక ఒక మరణం ఉంది. 1890లలో బోస్టన్‌లో హార్వే కుషింగ్ వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు ఆయన ఈథర్ అనే మత్తు మందు ఇస్తుండగా ఒక రోగి చనిపోయారు. ఆ దెబ్బతో ఆయన, తోటి విద్యార్థి ఎర్నెస్ట్ కాడ్‌మన్ కలిసి మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో మత్తు ఇస్తున్నంతసేపూ నాడినీ శ్వాసనూ కాగితం మీద గుర్తించడం మొదలుపెట్టారు. 1901లో కుషింగ్ ఇటలీలో రివా రొచ్చి అనే డాక్టర్ తయారుచేసిన బీపీ పట్టీని చూసి అమెరికాకు తీసుకెళ్లాక ఆ చార్టులో బీపీ కూడా చేరింది. అప్పుడు వాళ్లు భయపడింది కోర్టుకు కాదు. కళ్ల ముందు మనిషి ఎందుకు పోయాడో తెలియకపోవడమే వాళ్లను బాధించింది. ఇంచుమించు అదే కాలంలో, 1888, 1889లలో, నిజాం ఇచ్చిన నిధులతో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్‌లు పనిచేశాయి. సర్జన్ ఎడ్వర్డ్ లారీ జంతువుల మీద వందల ప్రయోగాలు జరిపించి, క్లోరోఫామ్‌తో ముందు ఆగేది శ్వాసే కాబట్టి దాన్ని కనిపెట్టుకుని ఉంటే చాలని గట్టిగా వాదించారు. క్లోరోఫామ్ నేరుగా గుండెను కూడా దెబ్బతీయగలదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఏదో ఒక్కటే చూస్తే చాలన్న ధీమా ఎంత ప్రమాదమో చెప్పడానికి మన ఊరి చరిత్రే సరిపోతుంది.

మత్తుకూ లీగల్ రిస్కుకూ ఉన్న లంకెను లెక్కగట్టి చూపింది మాత్రం 1980ల నాటి అమెరికా. అక్కడి అనస్థీషియాలజిస్టుల సంఘం, బీమా కంపెనీల దగ్గర తేలిపోయిన నష్టపరిహారం కేసుల ఫైళ్లను తెరిచి చదవడం మొదలుపెట్టింది. 1990లో వెలువడిన విశ్లేషణలో 1,541 కేసుల్లో 34 శాతం శ్వాసకు సంబంధించినవే. వాటిలో పెద్ద వాటా మూడు కారణాలది: శ్వాస సరిగా అందకపోవడం, శ్వాస కోసం వేసే గొట్టం శ్వాసనాళంలోకి కాకుండా అన్నవాహికలోకి వెళ్లడం, గొట్టం వేయడమే కష్టం కావడం. అన్నవాహికలోకి వెళ్లిన కేసుల్లో చాలాచోట్ల ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి విన్నారు, శబ్దం వినిపిస్తోందనుకున్నారు, అయినా పొరబడ్డారు. అందుకే ఇవాళ ‘రెండు వైపులా గాలి సమంగా వెళ్తోంది’ అని రాసి ఊరుకోకూడదు. వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే క్యాప్నోగ్రాఫ్ మీద దాని అల కనిపించిందని, దాని విలువ ఎంతో, ఏ టైంకో రాయాలి. అలా రాసిన ఒక్క లైన్ ఉంటే గొట్టం సరైన చోటే పడిందా అన్న ప్రశ్న చాలావరకు అక్కడితో ఆగుతుంది.

మన దేశంలో వైద్య సేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది. ఇప్పుడున్న 2019 చట్టం ప్రకారం, కారణం తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. క్రిమినల్ కేసుల సంగతి వేరు. జేకబ్ మాథ్యూ కేసులో 2005లో ఇచ్చిన తీర్పు ప్రకారం, డాక్టర్ మీద క్రిమినల్ కేసు నిలవాలంటే మామూలు పొరపాటు సరిపోదు, తీవ్రమైన నిర్లక్ష్యం కనిపించాలి. అరెస్టుకు తొందరపడకుండా, విచారణాధికారి ముందు మరో డాక్టర్ నుంచి, వీలైతే ప్రభుత్వ డాక్టర్ నుంచి, నిష్పాక్షికమైన అభిప్రాయం తీసుకోవాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ నిర్లక్ష్యం వల్ల మరణానికి ఐదేళ్ల వరకు శిక్ష పెట్టింది. వైద్య ప్రక్రియ చేస్తున్న రిజిస్టర్డ్ డాక్టర్లకు మాత్రం ఆ పరిమితి రెండేళ్లు.

ఆ 2005 తీర్పులో రికార్డుకు సంబంధించి ఆగి చూడాల్సిన విషయం ఒకటుంది. జడ్జి కంటే ముందే మీ చార్టును చదివేది మరో డాక్టర్. మత్తు కేసైతే బహుశా ఏ బోధనాసుపత్రిలోనో పనిచేసే మత్తు డాక్టరే. ఆయన ఆ రోజు గదిలో లేరు, రోగిని చూడలేదు. ఆయన చేతిలో ఉండేది కేస్ షీట్. స్పైనల్ (నడుముకు వేసే మత్తు సూది) ఇచ్చాక బీపీ తగ్గడం సహజమని ఆయనకు చెప్పక్కర్లేదు. తగ్గిన బీపీని మీరు చూశారా, చూశాక ఏం చేశారు అన్నదే ఆయనకు కావాలి. రాసేటప్పుడు మనసులో ఉంచుకోవాల్సిన పాఠకుడు ఆయనే. లాయర్‌ను ఊహించుకుని రాస్తే రాత బిగుసుకుపోతుంది, ముఖ్యమైనవి దాక్కుంటాయి. ఇంకో మాట. జేకబ్ మాథ్యూ కేసులో ఆరోపణ ఊపిరాడని రోగికి తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్ ఖాళీగా ఉందన్నది. డాక్టర్ మీద క్రిమినల్ విచారణను సుప్రీంకోర్టు కొట్టేసింది, నిజమే. కానీ ఉదయాన్నే మిషన్, సిలిండర్, సక్షన్ చెక్ చేసి టైం వేసి సంతకం పెట్టే ఆ చిన్న పట్టికను తేలిగ్గా తీసుకోకూడదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

మన రాష్ట్రాల వాళ్లకు దగ్గరి కేసు హైదరాబాద్ నిమ్స్‌ది. 1990లో ఛాతీలో కణితికి ఆపరేషన్ చేయించుకున్న ఇరవై ఏళ్ల ఇంజినీరింగ్ విద్యార్థి నడుము కింద చచ్చుబడి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం ఇవ్వమంది. అది మత్తు కేసు కాదు. అయినా అందులోని రెండు అంశాలు మత్తు డాక్టర్లకూ వర్తిస్తాయి. ఒకటి, నిర్లక్ష్యం జరిగిందని ఫిర్యాదుదారు ప్రాథమికంగా చూపగలిగితే, జరగలేదని నిరూపించుకునే భారం ఆసుపత్రి మీద, డాక్టర్ల మీద పడుతుంది. రెండు, దేనికి అనుమతి తీసుకున్నారో అది దాటి చేస్తే సంతకం అక్కరకు రాదు. ఆపరేషన్ 1990లో జరిగితే తుది తీర్పు 2009లో వచ్చింది. పంతొమ్మిదేళ్ల తర్వాత తనను తాను నిరూపించుకోవడానికి ఎవరి దగ్గరైనా మిగిలేది రాసిపెట్టిన కాగితమే.

ముందురోజు మాటలు

మంచి రికార్డు ఓటీలో, అంటే ఆపరేషన్ గదిలో మొదలవదు. ఆపరేషన్‌కు ముందు రోగిని చూసే పీఏసీలో మొదలవుతుంది. అక్కడ రాసేవి చాలా మందికి తెలిసినవే: పాత జబ్బులు, వాడే మందులు, అలర్జీలు, నోరు ఎంత తెరుచుకుంటోంది, మెడ ఎంత వంగుతోంది, రిస్కు గ్రేడ్. గుట్కా, ఖైనీ అలవాటున్న వాళ్లకు నోరు పూర్తిగా తెరుచుకోదు, అది రెండు వేళ్లా మూడు వేళ్లా అన్నది రాయాలి. కదిలే పన్ను ఉంటే ఏ పన్నో రాయాలి. పన్ను ఊడిందన్న గొడవ చిన్నదే అనిపిస్తుంది గానీ, మత్తు మీద వచ్చే ఫిర్యాదుల్లో తరచూ కనిపించేది అదే.

కడుపు ఖాళీ సంగతి మరీ ముఖ్యం. మన దగ్గర ‘ఏమైనా తిన్నారా’ అంటే ‘లేదండీ’ అంటారు. టీ తాగడం తినడం కిందికి రాదు మరి. పాలు కలిసిన టీ తాగితే ఆరు గంటలు ఆగాలి, మంచినీళ్లయితే రెండు గంటలు చాలు. కాబట్టి ‘కడుపు ఖాళీ’ అని రాస్తే సరిపోదు. ‘చివరగా రాత్రి 9 గంటలకు అన్నం, ఉదయం 6 గంటలకు మంచినీళ్లు, టీ తాగలేదని రోగి, భార్య ఇద్దరూ చెప్పారు’ అని రాయాలి. మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే, అడగలేదన్న ఆరోపణకు ఈ వాక్యం సమాధానం చెబుతుంది. దానికంటే ముఖ్యం, ఇంత వివరంగా రాయాలంటే ఇంత వివరంగా అడగాలి. అలా అడిగినప్పుడే ఆ టీ సంగతి బయటపడుతుంది, కేసు వాయిదా పడుతుంది, ప్రాణం దక్కుతుంది.

అనుమతి పత్రం దగ్గర పరిస్థితి ఇంకా బాధాకరం. ఇంగ్లిష్‌లో అచ్చేసిన ఫారం, కింద వేలిముద్ర. అందులో ఏముందో రోగికి తెలియదు, ఆమె తరఫున సంతకం పెట్టిన మరిదికీ తెలియదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం మీద వివరంగా మాట్లాడింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన మహిళకు, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లి దగ్గర సంతకం తీసుకుని గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, మేజర్ అయిన రోగి మెలకువ వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలని, పరీక్షకు ఇచ్చిన అనుమతి చికిత్సకు చెల్లదని కోర్టు చెప్పింది. మత్తుకు దీన్ని అన్వయిస్తే లెక్క స్పష్టం. ఆపరేషన్ అనుమతి వేరు, మత్తు అనుమతి వేరు. నడుముకు సూది సరిపోకపోతే పూర్తి మత్తు ఇవ్వాల్సి రావచ్చని ముందే చెప్పి, ఆ మాట ఫారంలో ఉండేలా చూడాలి. స్పైనల్ తర్వాత తలనొప్పి రావచ్చని, గొంతు నొప్పి ఉండొచ్చని, గుండె జబ్బు ఉన్న ఫలానా రోగికి ఫలానా ప్రమాదం కాస్త ఎక్కువని తెలుగులో చెప్పాలి, తెలుగులో రాయాలి. ‘అన్ని రిస్కులూ వివరించాం’ అన్న అచ్చు వాక్యం కంటే, రోగి అడిగిన ఒక్క ప్రశ్న, దానికి ఇచ్చిన జవాబు చేతిరాతలో ఉంటే దానికే ఎక్కువ విలువ. ‘నడుం నొప్పి పర్మనెంట్‌గా ఉండిపోతుందా అని అడిగారు, సాధారణంగా ఉండదని, సూది గుచ్చిన చోట కొద్దిరోజులు నొప్పి ఉండొచ్చని చెప్పాను’ అన్న రాత చదివితే, అక్కడ నిజంగా మాటలు జరిగాయని ఎవరికైనా తెలుస్తుంది.

ఒక సిజేరియన్, రెండు రికార్డులు

ఉదాహరణకు ఒక సిజేరియన్ అనుకుందాం. మొదటి రికార్డు ఇలా ఉంటుంది: ‘స్పైనల్ ఇచ్చాం. బీపీ తగ్గింది, సరిచేశాం. బిడ్డ ఏడ్చింది. తల్లి క్షేమం.’ ఇందులో అబద్ధం లేదు. కానీ ఇంటికి వెళ్లాక తల్లికి ఫిట్స్ వచ్చాయనో, బిడ్డ ఎదుగుదల మందగించిందనో కేసు పడితే, ఆ ‘తగ్గింది’ అన్న మాటలో రెండు నిమిషాలు ఇమడొచ్చు, ఇరవై నిమిషాలూ ఇమడొచ్చు. అవతలి లాయర్ ఇరవై అంటాడు.

రెండోది ఇలా ఉంటుంది: ‘10:42కి కూర్చోబెట్టి మూడు, నాలుగు నడుము పూసల మధ్య 25 గేజ్ సూదితో మొదటి ప్రయత్నంలోనే స్పైనల్. ద్రవం తేటగా వచ్చింది, రక్తం లేదు, కాళ్లలో జివ్వుమనలేదని చెప్పారు. 10:46కి వికారంగా ఉందన్నారు. బీపీ 78/40, నాడి 52, ఆక్సిజన్ 99. స్పైనల్ ప్రభావం అనుకున్నాను, ఇంకా కోత పెట్టలేదు కాబట్టి రక్తస్రావం కాదు. ఎడమ వైపుకు వంచి, సెలైన్ స్పీడు పెంచి, బీపీ పెంచే మెఫెంటర్మైన్ 6 మిల్లీగ్రాములు ఇచ్చాను. 10:48కి బీపీ 94/56, నాడి 70. 10:50కి 108/64, వికారం తగ్గిందన్నారు. కోత 10:52కి.’ రాయడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. కానీ బీపీ ఎంతసేపు తక్కువగా ఉంది అన్న ప్రశ్నకు జవాబు ఉంది, డాక్టర్ రోగి మాట విన్నారన్న రుజువు ఉంది, రక్తస్రావం కాదని ఎందుకు అనుకున్నారో కూడా ఉంది. ఒకవేళ ఆ ఆలోచన తర్వాత తప్పని తేలినా, ఆ క్షణాన అలా అనుకోవడానికి కారణం ఉందని కనిపిస్తుంది. అంచనా తప్పడం వేరు, నిర్లక్ష్యం వేరు. ఆ తేడాను కోర్టుకు చూపించగలిగేది ఇలాంటి రాతే.

దీనికి ఎదురుగా ఉండేది గీత గీసినట్టున్న చార్టు. మొదటి నుంచి చివరి దాకా బీపీ 120/80, నాడి 80. గొంతులో గొట్టం వేసినప్పుడు బీపీ పెరగాలి, మత్తు మందు ఇవ్వగానే కాస్త తగ్గాలి, కోత పెట్టినప్పుడు నాడి కదలాలి. అవేవీ లేకుండా చార్టు సాఫీగా ఉందంటే, కేసు అయ్యాక కూర్చుని నింపారని ఏ మత్తు డాక్టరైనా చూడగానే చెబుతారు. అన్నీ బాగున్నట్టు కనిపించాలన్న ఆరాటంతో రాసింది, ఉన్న నమ్మకాన్ని కూడా పోగొడుతుంది. ప్రతి ఐదు నిమిషాలకు బీపీ, నాడి నమోదు చేయాలన్నది 1986లో ప్రచురితమైన హార్వర్డ్ ఆసుపత్రుల నియమం. ఇప్పుడు అన్నిచోట్లా అదే కనీస ప్రమాణం. ఎమర్జెన్సీలో చేతులు ఖాళీ ఉండవు కాబట్టి రాయలేకపోవచ్చు. అప్పుడు ఖాళీగా వదిలి, రోగి కుదుటపడ్డాక ‘10:55 నుంచి 11:10 వరకు రోగి దగ్గరే ఉన్నాను, ఈ వివరాలు మానిటర్ మెమరీ చూసి 11:25కి రాస్తున్నాను’ అని నిజాయితీగా రాసుకోవడమే మేలు.

గుండె ఆగిన సందర్భంలో టైం రాయడానికి ఒక మనిషిని కేటాయించాలి. నర్సు కావచ్చు, టెక్నీషియన్ కావచ్చు, చేతిలో కాగితం, కలం తప్ప ఇంకేం ఉండకూడదు. గోడ గడియారం ఒక టైం, మానిటర్ మరో టైం, సర్జన్ ఫోన్ ఇంకో టైం చూపిస్తే ముగ్గురి రాతలూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. అడ్రినలిన్ ముందిచ్చారా, గుండె ముందాగిందా అన్న గందరగోళం చాలాసార్లు ఈ గడియారాల తేడా వల్లే. వారానికోసారి ఓటీలో అన్ని గడియారాలూ ఒకే టైంకు పెట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఇంకో జాగ్రత్త: మానిటర్, ఈసీజీ స్ట్రిప్పులు థర్మల్ పేపర్ మీద వస్తాయి, కొన్నేళ్లలో అక్షరాలు చెరిగిపోతాయి. వచ్చిన రోజే జిరాక్స్ తీసి ఫైల్లో పెట్టాలి.

ఆపరేషన్ అయ్యాక రికవరీ గదిలో రోగి పిలిస్తే పలికారా, ఆక్సిజన్ ఎంత, నొప్పి ఎంత, ఎవరికి అప్పగించారు అన్నవి టైంతో సహా ఉంటే చాలు.

తప్పు దిద్దుకోవడం, దాచుకోవడం

రాతలో తప్పు దొర్లితే ఒక్క గీత కొట్టి, కింద ఉన్నది చదివేలా వదిలి, పక్కన సరైనది రాసి, తేదీ, టైం, సంతకం పెట్టాలి. వైట్‌నర్ పూస్తే, పేజీ చించి కొత్తది పెడితే, వేరే ఇంకుతో మధ్యలో లైన్ ఇరికిస్తే, అసలు పొరపాటు కంటే అదే పెద్ద నేరంలా కనిపిస్తుంది. ప్రమాదం జరిగిన రాత్రి ఆ టెన్షన్‌లో చార్టును ‘బాగుచేయాలన్న’ కోరిక పుడుతుంది. పక్కనున్న వాళ్లు కూడా మంచి ఉద్దేశంతోనే ఆ సలహా ఇస్తారు. దానికి లొంగితే, ఏ తప్పూ చేయని డాక్టర్ కూడా తప్పు దాచిన డాక్టర్ అవుతారు. ఏదైనా చేర్చాలంటే ‘ఆలస్యంగా రాస్తున్నది’ అని పైన పెట్టి విడిగా రాయాలి. తోటివాళ్లను నిందించే మాటలు కేస్ షీట్‌లో వద్దు. ‘సర్జన్ లేట్ చేశారు’ బదులు ‘11:05కి రక్తస్రావం ఎక్కువగా ఉందని సర్జన్‌కు చెప్పాను, 11:20కి అదుపులోకి వచ్చింది’ అంటే సరిపోతుంది. టైమే మిగతాది చెబుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో చాలామంది మత్తు డాక్టర్లు ఏ ఒక్క ఆసుపత్రికీ చెందినవాళ్లు కాదు. పొద్దున ఒక నర్సింగ్ హోమ్‌లో సిజేరియన్, పదకొండింటికి మరోచోట హెర్నియా, సాయంత్రం ఎముకల ఆసుపత్రి. ఫోన్ వస్తే వెళ్తారు, మత్తు ఇస్తారు, రాసి వచ్చేస్తారు. కేస్ షీట్ ఆసుపత్రిలోనే ఉండిపోతుంది. కేసు పడేనాటికి ఆ ఆసుపత్రి మూతపడి ఉండొచ్చు, చేతులు మారి ఉండొచ్చు, మత్తు పేజీ ఒక్కటే కనపడకుండా పోయి ఉండొచ్చు. ఇంత రిస్కు నెత్తిన పెట్టుకుని తన పని రుజువు తన దగ్గర లేకుండా తిరగడం ఏ రకంగానూ న్యాయం కాదు. కార్బన్ కాపీ వచ్చే అనస్థీషియా రికార్డు పుస్తకం ఒకటి అచ్చు వేయించుకోవాలి. అసలు ఆసుపత్రికి, కాపీ తనకు. ఫోన్‌లో ఫొటో తీసుకోవడం తేలికే, కానీ రోగి పేరుతో ఉన్న ఫొటోలు గ్యాలరీలో, వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం గోప్యతను గాలికొదిలేయడమే. తాళం వేసిన బీరువాలో పుస్తకమే నయం. రోగిని ముందురోజు చూసే వీలు లేనప్పుడు, ఎన్ని గంటలకు పిలిచారు, ఎన్ని గంటలకు రోగిని మొదటిసారి చూశారు అన్నవి కూడా అందులో రాసుకోవాలి. కంగారులో జరిగిన కేసుకూ, ఎమర్జెన్సీ వల్ల తప్పక చేసిన కేసుకూ తేడా అక్కడే తెలుస్తుంది.

ఎన్నేళ్లు దాచాలన్నది తరచూ వచ్చే ప్రశ్న. వైద్య నైతిక నియమావళి 2002 ప్రకారం, చేర్చుకున్న రోగి రికార్డును చికిత్స మొదలైన రోజు నుంచి కనీసం మూడేళ్లు ఉంచాలి. రోగి గానీ, తరఫు వాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. 2023 ఆగస్టులో కొత్త నియమాలు వచ్చినా అదే నెలలో వాటిని నిలిపేయడంతో పాతవే కొనసాగాయి. మూడేళ్లన్నది కనీసం మాత్రమే. పసిపిల్లల కేసుల్లో, ప్రసవాల్లో గడువు లెక్క వేరుగా పడే అవకాశం ఉంది కాబట్టి వాటిని చాలా ఎక్కువకాలం ఉంచాలి. మెడికో లీగల్ కేసులైతే కోర్టులో పూర్తిగా తేలేదాకా తీసేయకూడదు. అడిగిన కుటుంబానికి కాపీ ఇవ్వకుండా తిప్పుకోవడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. ఇంటి మనిషి ఎలా పోయాడో తెలుసుకోవాలనుకునే వాళ్లకు నిమిషం నిమిషం రాసిన రెండు పేజీలు చేతికిచ్చి, పక్కన కూర్చుని తెలుగులో చదివి వినిపించడం మత్తు డాక్టర్ చేయగలిగిన పనే, చేయాల్సిన పనే.